రాత్రి 258 వోల్టులు: పాత లేతుకి సర్వో డ్రైవులు, పవర్ సప్లై అయిదేళ్ళు వాడాక

మా షాపు రాయగడలో. పేపరు మిల్లు షాఫ్టులు, పంపు స్లీవులు, గన్‌మెటల్ బుష్షులు, రైసు మిల్లుల పుల్లీలు, ఇదీ మా జాబ్ వర్కు. ఆరేళ్ళ కిందట వేలంలో ఒక పాత సీఎన్‌సీ లేతు తీసుకున్నాం. బెడ్ మీద గీత లేదు, బాల్ స్క్రూల్లో ఆట లేదు, డీసీ సర్వో మోటార్లు రెండూ చేత్తో తిప్పితే మెత్తగా తిరిగాయి. కంట్రోలు మాత్రం పూర్తిగా పోయింది. దాని స్థానంలో కంప్యూటర్‌తో మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీ, మెసా 7ఐ77 కార్డు పెట్టాను. ఆ కార్డు ప్రతి యాక్సిస్‌కీ ప్లస్ మైనస్ 10 వోల్టుల అనలాగ్ కమాండ్ ఇస్తుంది, ఎన్‌కోడర్లు చదువుతుంది. ఈ అయిదేళ్ళలో కంట్రోలు వైపు నుంచి నాకు ఒక్క రోజు కూడా ఇబ్బంది రాలేదు. నన్ను ఏడిపించింది కార్డుకీ మోటారుకీ మధ్య ఉన్నది: కార్డు కమాండ్ ప్రకారం మోటారుకి కరెంటు ఇచ్చే డ్రైవులు, వాటికి కరెంటు పెట్టే సప్లై.

మొదటిసారి నేను అందరిలాగే లెక్క వేశాను. టూలు మోసే సాడిల్‌ని బెడ్ పొడవునా నడిపే జడ్ మోటారు ప్లేటు మీద వెయ్యి ఆర్‌పీఎంకి 30 వోల్టులని ఉంది. రాపిడ్‌లో (కోత లేకుండా టూలు వేగంగా జరిగేటప్పుడు) 2000 ఆర్‌పీఎం కావాలి, అంటే 60 వోల్టులు. వైండింగులో పోయేది ఆరేడు వోల్టులు. కాబట్టి 70 పైచిలుకు చాలు. 52 వోల్టుల టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, 22,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. 52ని 1.414తో గుణిస్తే 73, బ్రిడ్జిలో రెండు పోతాయి. డ్రైవులు 80 వోల్టుల రకం, 86 దగ్గర తమంతట తామే కట్ అయిపోతాయి. కాగితం మీద అన్నీ సరిపోయాయి. పగలు షాపులోనూ సరిపోయాయి.

సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య జడ్ రాపిడ్‌లో ఫాలోయింగ్ ఎర్రర్ (కంట్రోలు చెప్పిన చోటుని మోటారు అందుకోలేకపోవడం) వచ్చి మెషిన్ ఆగేది. అర్ధరాత్రి దాటాక ఇంకో రకం: చక్ వైపు వేగంగా వచ్చి ఆగబోయేటప్పుడు డ్రైవు మీద ఎర్ర లైటు. మా ఆపరేటర్ పొద్దున్నే తాళాలు ఇస్తూ, "ఏటి బాబూ ఇది, పగలంతా బాగానే తిరిగి రాత్రైతే కూకుండిపోతంది" అనేవాడు. నేను కేబుళ్ళు మార్చాను, షీల్డులు మార్చాను, పీఐడీ (కంట్రోలు ట్యూనింగ్) విలువలు వారం రోజులు మార్చాను. ఒక డ్రైవు పాడైందనుకుని వేరేది తెప్పించాను. అదీ అలాగే చేసింది.

సునాబెడ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్‌లో చేసి రిటైరైన మాస్టారు ఒకాయన మా షాపుకి అప్పుడప్పుడు వస్తారు. మా కొరాపుట్, రాయగడ వైపు మంచి టర్నర్లలో సగం మంది ఆ ఫ్యాక్టరీ గాలి తగిలినవాళ్ళే. ఆయన ప్యానెల్ తలుపు తియ్యనే లేదు. "ఒరే అబ్బాయ్, మీటరు తీసి గోడ సాకెట్‌లో పెట్టు. గంటకోసారి రాయించు. పది రోజులయ్యాక మాట్లాడదాం" అన్నారు.

ఇంట్లో పిల్లల రూళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చి ప్యానెల్ హ్యాండిల్‌కి పురికొసతో కట్టాం. పగలు నేను, రాత్రి ఆపరేటర్. ఎడమవైపు టైము, మధ్యలో మెయిన్స్, కుడివైపు డీసీ బస్, అంటే కెపాసిటర్ మీది వోల్టేజి. పది రోజుల్లో అట్టడుగు అంకె సాయంత్రం 7:50కి 182. అన్నిటికన్నా పైన ఉన్నది రాత్రి 1:40కి 258. ఆ 258 పక్కన డీసీ గడిలో మా వాడి వంకర అక్షరాల్లో 84 అని ఉంది. మోటార్లు కదలకుండా ఉన్నప్పుడే 84, లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ నాలుగైదు శాతం ఎక్కువే ఇస్తుంది కదా. ఇంక కట్ అవ్వడానికి మిగిలింది రెండు వోల్టులు. సాయంత్రం 182 దగ్గర డీసీ 56కి పడింది. మోటారుకి 60 పైన కావాల్సిన చోట 56 ఇస్తే అది ఎలా అందుకుంటుంది? రెండు జబ్బులకీ మూలం ఒకే పేజీలో దొరికింది. డ్రైవులకి ఏ దోషమూ లేదు. నేనే 230 అనే అంకెని నమ్మాను.

ఆగేటప్పుడు వోల్టేజి ఎందుకు పెరుగుతుందో పాత మెషిన్‌కి కొత్త కంట్రోలు బిగించే రెట్రోఫిట్ పని కొత్తగా చేసేవాళ్ళు బాగా పట్టుకోవాలి. తిరిగే మోటారుని డ్రైవు ఆపినప్పుడు అది జనరేటర్ అవుతుంది. ఆ శక్తి బ్రిడ్జి దాటి వెనక్కి మెయిన్స్‌లోకి పోలేదు, కెపాసిటర్‌లోకే ఎక్కుతుంది. నేను మొదట సాడిల్ బరువే కారణమనుకున్నాను. 200 కిలోల సాడిల్ నిమిషానికి పది మీటర్ల వేగంతో వస్తుంటే దానిలో మూడు జౌళ్ళు కూడా ఉండవు. అసలు శక్తి మోటారు రోటర్‌లోనే ఉంది. పాత డీసీ మోటార్ల రోటర్లు ఇనప ముద్దలు. నా దాని జడత్వం 0.003 కేజీ-మీ², 2000 ఆర్‌పీఎం దగ్గర అది 66 జౌళ్ళు. అదంతా 75 వోల్టుల దగ్గరున్న 22,000 మైక్రోఫారడ్లలోకి వస్తే బస్ 108కి చేరుతుంది. ఘర్షణ, వైండింగు వేడి కొంత తినేస్తాయి కాబట్టి పగలు బతికిపోయేవాళ్ళం. రాత్రి మొదలే 84.

మధ్యలో ఒక వారం స్విచింగ్ పవర్ సప్లైలు, అంటే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా పెట్టి చూశాను. మెయిన్స్ ఎంత ఊగినా అవుట్‌పుట్ స్థిరంగా ఉంటుందన్న మాట నిజమే. కానీ మోటారు వెనక్కి తోసిన వోల్టేజి చూసి అవి ఓవర్‌వోల్టేజిలోకి పోయి ఆగిపోయాయి. యాక్సిలరేషన్‌లో ఒక్క క్షణం పీక్ కరెంటు అడిగితే హిక్కప్ మోడ్, అంటే ఆగుతూ మళ్ళీ మొదలవుతూ ఉండడం. చిన్న స్టెప్పర్ మెషిన్లకి బాగుంటాయి. ఇలాంటి బరువు రోటర్ల సర్వోలకి సాదా ట్రాన్స్‌ఫార్మరే నయం, పీక్‌ని అది ఓర్చుకుంటుంది.

ఏడో నెలలో మొత్తం విప్పేశాను. ఈసారి లెక్క వెనక నుంచి మొదలుపెట్టాను: 182 దగ్గర కూడా మోటారుకి చాలాలి, 258 దగ్గర కూడా ఏదీ కట్ కాకూడదు. 68 వోల్టుల సెకండరీతో 1.5 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో చుట్టించాను. దీంతో అట్టడుగున 74, మామూలుగా 94 నుంచి 99, అర్ధరాత్రి 111. దీనికి 80 వోల్టుల డ్రైవు పనికిరాదు. అడ్వాన్స్‌డ్ మోషన్ కంట్రోల్స్ వారి 50ఏ20 రెండు సెకండ్ హ్యాండ్‌లో దొరికాయి. 40 నుంచి 190 వోల్టుల డీసీ దాకా నడుస్తాయి, నిరంతరం 25 ఆంపియర్లు, పీక్ 50. ఇప్పటికి అయిదేళ్ళకి దగ్గరపడింది, రెండూ ఒక్కసారి కూడా మొరాయించలేదు. నాకు వీటిలో నచ్చింది వీటి సాదాతనం. లూప్ గెయిన్, కరెంట్ లిమిట్, రెఫరెన్స్ గెయిన్, ఆఫ్‌సెట్, అన్నీ చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే పాట్‌లు. లాప్‌టాప్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రాయగడలో అర్ధరాత్రి మెషిన్ ఆగితే మీటరు, స్క్రూడ్రైవర్ ఉన్నవాడు చూసుకోగలడు. మా వైపు షాపులకి అది పెద్ద విషయం.

పెద్ద డ్రైవు కొన్నామని సంబరపడి అలాగే వదిలెయ్యకూడదు. నా మోటారు నిరంతరం 8 ఆంపియర్లది, పీక్ 24. 50 ఆంపియర్లు పోనిస్తే పాత మోటార్లలో మాగ్నెట్లు శక్తి కోల్పోతాయి. ఆ తర్వాత ఏ పాట్ తిప్పినా టార్క్ తిరిగి రాదు. మోటారు కనెక్ట్ చెయ్యకముందే కరెంట్ లిమిట్‌ని పూర్తిగా తగ్గించి, అక్కడి నుంచి మీటరు చూసుకుంటూ పైకి తెచ్చుకోవాలి.

డ్రైవు హద్దు 190కి పెరిగాక బలహీనమైన చోటు కెపాసిటర్‌కి మారింది. నా పాత కెపాసిటర్ మీద 100 వోల్టులని రాసి ఉంది, అర్ధరాత్రి బస్ 111. అలాగే పెట్టి ఉంటే పేలినా పేలేది. 160 వోల్టులది వేశాను. దాని మీద కాపలాకి ఒక షంట్ రెగ్యులేటర్, 130 దాటితే 10 ఓముల, 100 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌లోకి మళ్ళిస్తుంది. 111 నుంచి 130కి ఎక్కేలోపు కెపాసిటరే 50 జౌళ్ళు మింగుతుంది, అందుకని రెసిస్టర్‌కి పని తక్కువ. రాత్రిపూట వరసగా చిన్న పీసులు నడుస్తున్నప్పుడు ప్యానెల్ పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా తెలుస్తుంది, అంతే.

ఒక తప్పు చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది చాలా ప్యానెళ్ళలో చూస్తున్నాను. ఎమర్జెన్సీ స్టాప్ కాంటాక్టర్‌ని నేను మొదట కెపాసిటర్‌కీ డ్రైవుకీ మధ్య డీసీ లైనులో పెట్టాను. మోటారు పూర్తి వేగంలో ఉండగా మా వాడు స్టాప్ గుద్దాడు. వెనక్కి వచ్చే శక్తికి కెపాసిటర్ దారి తెగిపోయింది, డ్రైవు ఒంటరిగా మోసింది. అప్పటి ఎక్స్ యాక్సిస్ పాత డ్రైవు అక్కడికక్కడే పోయింది, కాలిన వాసన రెండు రోజులు వదల్లేదు. కాంటాక్టర్ ఉండాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు. దానితో పాటే డ్రైవులని ఆపే ఇన్‌హిబిట్ కూడా పని చెయ్యాలి. కెపాసిటర్‌కీ డ్రైవులకీ మధ్య ఫ్యూజు తప్ప ఏదీ ఉండకూడదు.

కాంటాక్టర్ ప్రైమరీకి మార్చాక స్టాప్ నొక్కినా కెపాసిటర్‌లో వందకి పైగా జౌళ్ళు మిగిలే ఉంటాయి. దాని మీద ఎప్పుడూ ఒక 1 కిలోఓమ్, 25 వాట్ల బ్లీడర్ (మిగిలిన ఛార్జిని మెల్లగా దించే రెసిస్టర్) ఉంచండి. రెండు నిమిషాల్లో ఒక వోల్టు లోపుకి దిగుతుంది. మా ప్యానెల్ తలుపు లోపల తెలుగులో, ఒడియాలో "రెండు నిమిషాలు ఆగు" అని పెయింటుతో రాయించాను. ఆపరేటర్లు మారుతుంటారు, రాత మారదు.

టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటుకి ఎంసీబీ ఊరికే పడేది. ప్రైమరీలో 47 ఓముల రెసిస్టర్ పెట్టి, అర సెకను తర్వాత రిలేతో దాన్ని దాటించాక ఆ గోల పోయింది. బ్రిడ్జికి మంచి హీట్ సింక్ పెట్టండి, పది ఆంపియర్ల దగ్గర 20 వాట్లు అక్కడే వేడవుతాయి.

వాడకంలో అరిగిపోయినవి డ్రైవులు, సప్లై కాదు, కార్బన్ బ్రష్షులు. మోటారు బ్రష్షులు ఒకసారే మార్చాను. మోటారు వేగాన్ని డ్రైవుకి చెప్పే టాకో బ్రష్షులు మూడు సార్లు. టాకోలో కార్బన్ పొడి పేరుకుంటే డ్రైవుకి వేగం అబద్ధంగా తెలుస్తుంది, మోటారు సన్నగా వణుకుతుంది. మొదటిసారి దాన్ని ఎలా గుర్తుపట్టానంటే, ఒక పంపు స్లీవు ఫినిష్ కట్ అయ్యాక ట్యూబులైటు కింద తిప్పి చూస్తే చీర అంచులో జరీలాగా సమానమైన దూరంలో గీతలు. గోరుతో రాస్తే తెలిసీ తెలియనట్టు తగిలాయి. అంతకు ముందు రోజు దాకా ఆ గీతలు లేవు. ట్యూనింగ్ జోలికి పోకుండా టాకో విప్పి, బ్లోయరుతో పొడి కొట్టి, కమ్యుటేటర్ తుడిచి పెట్టాను. తర్వాతి స్లీవు అద్దంలా వచ్చింది. వానాకాలం ముందు ఒకసారి, దసరాకి ఒకసారి ఇప్పుడు అది మా షాపులో అలవాటు.

మోటార్లు అరిగిపోయి ఉంటే మాత్రం ఈ దారి వద్దు. నేరుగా 230 మీద నడిచే ఏసీ సర్వో సెట్టు కొనుక్కోండి, ఈ ట్రాన్స్‌ఫార్మర్ పని అంతా తప్పుతుంది. నావి బాగున్నాయి కాబట్టి ఉంచుకున్నాను, ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే డీసీలో రిపుల్ (అలల్లాంటి ఊగు) తగ్గేది. మా దగ్గర నెలకోసారైనా ఒక ఫేజు పోతుంది, అందుకే దాని జోలికి పోలేదు.

గుణుపురంలో ఒకాయన ఇలాంటి లేతే కొని, ఏ డ్రైవు తీసుకోమంటావు తమ్ముడూ అని ఫోను చేశారు. డ్రైవు పేరు నేను చెప్పలేదు. నోటుబుక్కు మొదలుపెట్టమన్నాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. నిన్న రాత్రి ఒంటిగంటకి వాళ్ళ రీడింగు 247, మొన్న సాయంత్రం 176. అంటే వాళ్ళకి కింది హద్దు నాకన్నా ఘోరం, 68 బదులు 72 వోల్టుల సెకండరీ చుట్టించాలి. అప్పుడు 176 దగ్గర కూడా 75 పైన మిగులుతుంది.