శ్రీరంగపట్నం మైసూరు దారిలో అరగంట ఆగే ఊరు కాదు

బెంగళూరులో ఉండే మనవాళ్ళను శ్రీరంగపట్నం చూశారా అని అడిగితే చాలామంది చూశామనే అంటారు. మైసూరు వెళ్తూ రంగనాథస్వామి దర్శనం చేసుకుని, టిప్పు సమాధి ఉన్న గుంబజ్ దగ్గర నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడేలోపు బృందావన్ గార్డెన్స్‌కు పరుగెత్తడమే ఆ చూడటం. నేనైతే మైసూరు జోలికి పోకుండా పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఇక్కడే ఉండమంటాను. మా అనంతపురం వాళ్ళు, కడప, బళ్ళారి వాళ్ళు మరీ తప్పక వెళ్ళాలి. 1799 మే 4న ఈ కోట కూలి టిప్పు చనిపోయాక అతని రాజ్యంలో నిజాంకు వాటా దక్కింది. ఆ వాటాను, 1792 యుద్ధంలో వచ్చిన సీమను కలిపి 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. మనం బడిలో చదువుకున్న దత్తమండలాలు అవే. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, అంతకు ముందు ఇక్కడ గెలిచిన రాజ్యాన్ని పంచిన కమిషన్‌కు కార్యదర్శుల్లో ఒకడు.

మేం రైల్లో వెళ్ళాం. పెద్దవాళ్ళు వెంట ఉంటే అదే సుఖం. స్టేషన్ ఊళ్ళోనే, కోటను ఆనుకుని ఉంటుంది. వందేభారత్, శతాబ్ది ఇక్కడ ఆగవు, చూసుకుని టికెట్ తీసుకోవాలి. బస్సయినా అంతే, మైసూరు నాన్‌స్టాప్ ఎక్కితే అది ఎక్స్‌ప్రెస్‌వే మీద ఊరి బయటినుంచే వెళ్ళిపోతుంది. రెండో రైలు పట్టాలకు అడ్డొచ్చిందని టిప్పు మందుగుండు గిడ్డంగిని కూలగొట్టకుండా, 2017లో జాకీలతో పైకెత్తి వంద మీటర్లకు పైగా పక్కకు జరిపారు. ఆ మందపాటి ఇటుక కట్టడం ముందు నిలబడి చూస్తే, మనసుంటే అభివృద్ధి పనుల్లో పాత కట్టడాలను కాపాడుకోవచ్చని నమ్మకం కలుగుతుంది.

ఆటో మాట్లాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త. వాళ్ళు చెప్పే లిస్టులో గుడి, మసీదు, గుంబజ్, సంగమం ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ సమాధుల తోట, గంజాం చర్చి సాధారణంగా ఉండవు. అవి కూడా చూడాలని ముందే చెప్పి, వెయిటింగ్‌తో కలిపి ధర తేల్చుకోండి. మాకు దొరికిన డ్రైవరన్న ఓపికమంతుడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి చూసి, వీలున్న ప్రతిచోటా గేటు దాకా తీసుకెళ్ళాడు. గైడు సంగతి మాత్రం నిరాశే. కోట దగ్గర మాట్లాడుకున్నాయన గడగడా అప్పజెప్పి, ప్రశ్న అడిగితే విసుక్కున్నాడు. డబ్బిచ్చి పంపేశాం. ముందు రోజు రాత్రి ఓ గంట చదువుకుని వెళ్తే గైడు అవసరమే లేదు.

కోటలో ఎక్కువసేపు గడపాల్సింది బెయిలీ చెరసాల దగ్గర. మెట్లు దిగితే కమాను కప్పుతో పొడవాటి గది, గోడలోంచి ముందుకొచ్చిన రాతి పలకలు. ఒక్కో పలకకు చెరో చివర ఒక రంధ్రం. ఖైదీ రెండు చేతులనూ గొలుసుతో అక్కడ కట్టేవారట. మావాడు ఆ రంధ్రాల మధ్య చేతులు చాచి చూసి, మాట్లాడకుండా వెనక్కి వచ్చాడు. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో టిప్పు సేనల చేతిలో ఓడి పట్టుబడిన ఇంగ్లీషు కల్నల్ బెయిలీ 1782లో ఈ ఊళ్ళోనే చనిపోయాడు. ఆ యుద్ధంలోనే బందీ అయిన డేవిడ్ బెయిర్డ్ నాలుగేళ్ళకు దగ్గరగా ఇక్కడ ఖైదులో ఉన్నాడు. 1799లో కోట మీదికి ఇంగ్లీషు దండును నడిపింది అతనే. మే నెల, కావేరిలో నీళ్ళు తక్కువ. మధ్యాహ్నం ఎండలో నది దాటి, ఫిరంగులు పడగొట్టిన గోడ సందులోంచి లోపలికొచ్చారు. ఆ సందు దగ్గర ఇప్పుడొక స్మారక స్తంభం ఉంది. నది ఎంత దగ్గరో, గోడ ఎంత ఎత్తో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

దరియా దౌలత్‌కు అక్కడినుంచే వెళ్ళండి. 1784లో టిప్పు కట్టించిన ఆ టేకు మహలు పడమటి గోడ మీద పొల్లిలూరు యుద్ధమే బొమ్మలుగా ఉంది. పల్లకిలో బెయిలీ, చుట్టూ చతురస్రంగా అతని సైన్యం, పేలిపోతున్న మందుగుండు బండి. చెరసాల చూసి వచ్చినవాళ్ళకు ఆ పల్లకి వేరేగా కనిపిస్తుంది. కోట పడ్డాక ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ ఉన్నది కూడా ఈ మహల్లోనే.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. నది ఒడ్డున ఒక హోటల్లో తిన్నాం. చోటు చల్లగా ఉంది, వడ్డన మాత్రం నత్తనడక. పిల్లలుంటే ఏదైనా వెంట తెచ్చుకోండి. టాయిలెట్లు టికెట్ ఉన్న చోట్ల పర్వాలేదు, మిగతా చోట్ల అనుమానమే.

మధ్యాహ్నం సమాధుల తోట చూశాం. మూడు వందల దాకా సమాధులు, కంపెనీ సైనికులవి, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన డి మ్యూరాన్ పటాలం వాళ్ళవి, వాళ్ళ ఆడవాళ్ళవి, పసిపిల్లలవి. వీళ్ళలో చాలామందిని మింగింది యుద్ధం కాదు, రోగాలు. జ్వరాలకు తట్టుకోలేకనే 1809లో దండును ఇక్కడినుంచి లేపి బెంగళూరుకు తరలించారు. మనం రోజూ తిరిగే కంటోన్మెంట్, అలసూరు, ఎం.జి. రోడ్డు పుట్టింది అలాగే. ఇంత పెద్ద సంగతి చెప్పే బోర్డు పెట్టడానికి ఎంతవుతుంది? పర్యాటక శాఖ ఆ పని చేసితీరాలి.

గంజాం చర్చి చిన్నది, పది నిమిషాలు చాలు. అబ్బే దుబోయ్ అనే ఫ్రెంచి పాద్రీ ఇక్కడే ఉండి 1803-04లో పాతికవేల మందికి పైగా మశూచి టీకాలు వేయించాడు. ఆ ఒక్క విషయం కోసమైనా వెళ్ళి నమస్కారం పెట్టాలి.

గుంబజ్ అందం గురించి అందరూ చెప్పేదే, నిజమే. సంగమంలో పుట్టి ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడగండి, లేదంటే ఎక్కకండి. పైన కృష్ణరాజసాగరం నుంచి నీళ్ళు వదిలిన రోజుల్లో మెట్ల మీద స్నానం కూడా వద్దు. 1804లో మైసూరు దివాన్ పూర్ణయ్య కట్టించిన వెల్లెస్లీ వంతెన రాతి స్తంభాలు ఎండ తగ్గాక చూడటానికి బాగుంటాయి. రాత్రి బస అక్కర్లేదు. రంగనతిట్టు పక్షుల కోసమైతే తెల్లవారుజామున పడవ ఎక్కడం మంచిది కాబట్టి ఉండొచ్చు. తిరుగు రైలు టికెట్ మాత్రం ఆదివారమైతే ముందే చేయించుకోండి, సాయంత్రం మైసూరు నుంచే బోగీలు నిండి వస్తాయి.