రోజూ మాత్ర, నెలకో రింగు, ఆరు నెలలకో ఇంజెక్షన్: ఆఫ్రికా ఆడపిల్లలకు ఏది మేలు?

2022లో సహారా దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో వారానికి సుమారు 3,100 మంది 15–24 ఏళ్ల అమ్మాయిలకు కొత్తగా హెచ్‌ఐవీ సోకిందని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్క కట్టింది. అదే వయసు అబ్బాయిల కంటే వాళ్లకే ఎక్కువగా సోకుతోంది. కండోమ్ వాడమని చెప్పడం తేలికే. వాడాలా వద్దా అన్నది మాత్రం చాలా సంబంధాల్లో మగవాడే తేలుస్తాడు. అందుకే ఆడమనిషి ఎవరినీ అడగకుండా, అవసరమైతే ఎవరికీ తెలియకుండా వాడుకోగల మందు కోసం అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి వెతికారు. ఇప్పుడు అలాంటివి నాలుగు చేతికొచ్చాయి: రోజూ వేసుకునే మాత్ర, నెలకోసారి మార్చుకునే రింగు, రెండు నెలలకో ఇంజెక్షన్, ఆరు నెలలకో ఇంజెక్షన్. హెచ్‌ఐవీ లేనివాళ్లు అది రాకుండా ముందుగానే వాడే ఈ మందులన్నిటికీ కలిపి ప్రెప్ అని పేరు.

నన్నడిగితే ఆరు నెలల ఇంజెక్షన్‌కే నా ఓటు. అలాగని మిగతా మూడింటినీ పక్కన పెట్టేయమంటే ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

ముందు మాత్ర సంగతి. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ అనే రెండు మందులు కలిపిన బిళ్ల ఇది. కెన్యా, ఉగాండాల్లో 4,700 మందికి పైగా జంటలతో ‘పార్ట్‌నర్స్ ప్రెప్’ అనే ట్రయల్ జరిగింది. ప్రతి జంటలోనూ ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. లేనివాళ్లు ఈ బిళ్ల వాడితే సోకే ముప్పు 75 శాతం తగ్గింది. అంటే మందులో లోపమేమీ లేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. ఆ ఏడాది చివర్లోనే దక్షిణాఫ్రికా అనుమతి ఇచ్చింది.

కానీ ఇదే మాత్రను వయసులో చిన్నవాళ్లైన, ఎక్కువమంది పెళ్లికాని ఆడవాళ్లకు ఇచ్చి చూస్తే కథ తిరగబడింది. కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో మొదలైన ‘ఫెమ్-ప్రెప్’ ట్రయల్‌ను 2011లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. అసలు మందు తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ తేడా కనపడలేదు. ఇంచుమించు అదే కాలంలో దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మందితో ‘వాయిస్’ అనే పెద్ద ట్రయల్ చేశారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే నూటికి తొంభై పాళ్లు వేసుకుంటున్నామనే చెప్పారు. రక్తం పరీక్షిస్తే మూడో వంతు కంటే తక్కువ నమూనాల్లోనే మందు కనిపించింది.

అబద్ధాలు చెప్పారని ఆ ఆడవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. తర్వాత పరిశోధకులు వాళ్లతో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే అసలు సంగతులు బయటపడ్డాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వాడే మాత్రలూ ఇలాంటివే. సీసా కంటపడితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయం, మొగుడో స్నేహితుడో అనుమానిస్తాడన్న టెన్షన్. ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు రోజూ మందేమిటన్న సందేహం ఒకటి. సంచిలో పెట్టుకుంటే గలగలమనే ఆ సీసాను నలుగురు సర్దుకునే ఒక్క గదిలో ఎక్కడ దాచాలి? మిగిలిన మాత్రలను క్లినిక్‌లో లెక్కపెడతారని తెలిసి, వెళ్లే ముందు పారబోసినవాళ్లూ ఉన్నారు. అందరూ నూటికి నూరు పాళ్లు వాడే మందు అయితే మాత్రే గెలిచేది. బతుకులు అలా ఉండవు.

మాత్ర బలం వేరే చోట ఉంది. కావాలనుకున్నప్పుడు మొదలుపెట్టి, అక్కర్లేదనుకున్నప్పుడు మానేయొచ్చు. గనుల్లో పనికి వెళ్లిన మనిషి ఇంటికి రావడానికి వారం ముందు మొదలుపెట్టి, అతను ఉన్నన్నాళ్లూ, వెళ్లాక కనీసం ఇంకో వారమూ రోజూ వేసుకోవచ్చు. సూది వేసే నర్సు అక్కర్లేదు. జెనరిక్ మాత్ర చవక కూడా.

రింగు గురించి మన దగ్గర విన్నవాళ్లు తక్కువ. మెత్తటి సిలికోన్‌తో చేసిన వలయం ఇది, అడ్డకొలత ఐదున్నర సెంటీమీటర్ల పైన. అందులో 25 మిల్లీగ్రాముల డాపివిరిన్ అనే మందు ఉంటుంది. ఆడమనిషి దాన్ని వేళ్లతో నొక్కి తనే యోనిలోకి పెట్టుకుంటుంది. నెలంతా లోపలే ఉంటుంది, నెలసరి వచ్చినా తీయక్కర్లేదు. మందు దాదాపు అక్కడే పనిచేస్తుంది, ఒళ్లంతా పాకదు. కాబట్టి వికారం, తలనొప్పి బెడద తక్కువ. 2016లో వెలువడిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ముప్పు 27 శాతం, 31 శాతం తగ్గినట్టు తేలింది. 21 ఏళ్ల లోపు వాళ్లలో మాత్రం రక్షణ కనపడలేదు. వాళ్లు సరిగ్గా వాడకపోవడం అందుకు ఒక కారణం.

అంకెలు చిన్నవే, ఒప్పుకుంటాను. అయినా ‘రీచ్’ అనే అధ్యయనంలో 16–21 ఏళ్ల అమ్మాయిలకు ఆరు నెలలు మాత్ర, ఆరు నెలలు రింగు ఇచ్చి, తర్వాత మీకేది కావాలో తీసుకోండి అంటే దాదాపు మూడింట రెండొంతుల మంది రింగే తీసుకున్నారు. పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పేవాళ్లుంటే వాడకమూ బాగుంది. జింబాబ్వే 2021లో, దక్షిణాఫ్రికా 2022లో దీనికి అనుమతినిచ్చాయి. నాలుగింటిలో పెట్టుకోవడమూ తీసేయడమూ పూర్తిగా ఆడమనిషి చేతిలో ఉన్నది, ఒళ్లంతా మందు ఎక్కించనిది ఇదొక్కటే. ఇంత చిన్న శాతానికి దీన్నెందుకు పట్టించుకోవాలి అనేవాళ్లకు నా జవాబు అదే.

రెండు నెలల ఇంజెక్షన్ పేరు కాబోటెగ్రావిర్. ఏడు ఆఫ్రికా దేశాల్లో 3,200 మందికి పైగా ఆడవాళ్లతో చేసిన ట్రయల్‌లో ఇంజెక్షన్ వైపు నలుగురికి, మాత్ర వైపు 36 మందికి హెచ్‌ఐవీ సోకింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో 2020 నవంబరులో ట్రయల్‌ను ముందే ఆపారు. మందుకు వంక పెట్టలేం. చిక్కంతా తిరుగుడులోనే: ఏడాదికి ఆరుసార్లు క్లినిక్‌కు వెళ్లి పిరుదుకు సూది వేయించుకోవాలి. ఆరు నెలలది వచ్చాక దీని అవసరం తగ్గిపోతుందనే అనుకుంటున్నాను.

ఇక ఆరు నెలల ఇంజెక్షన్, దాని పేరు లెనకాపవిర్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16–25 ఏళ్ల అమ్మాయిలు 5,300 మందికి పైగా చేరిన ‘పర్పస్ 1’ ట్రయల్ ఫలితం 2024 జూన్‌లో వచ్చింది. ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. పాత మాత్ర ఇచ్చిన 1,068 మందిలో 16 మందికి, కొత్త రకం మాత్ర ఇచ్చిన 2,136 మందిలో 39 మందికి సోకింది. ఏ మందూ వాడకపోతే ఎంతమందికి సోకేదో లెక్కగట్టి చూస్తే, మాత్రల వైపు చెప్పుకోదగ్గ తేడా లేదు. ‘వాయిస్’ జరిగి పదేళ్లు దాటినా మాత్రకు అదే కథ. ఇంజెక్షన్‌కు మాత్రం పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఆరో నెలలోనూ ఏడాదికీ సమయానికే వచ్చారు.

ఈ ట్రయల్‌లో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. పదహారేళ్ల పిల్లలను మొదటి నుంచే చేర్చుకున్నారు. మధ్యలో గర్భం వచ్చినవాళ్లను బయటికి పంపకుండా, వాళ్లు ఒప్పుకుంటే మందు కొనసాగించారు. గర్భిణులకు పనికొస్తుందో లేదో తెలియదు అంటూ ఏళ్ల తరబడి ఎదురుచూసే బాధ వాళ్లకు తప్పింది.

వేసే పద్ధతి ఇలా ఉంటుంది. పొట్ట మీద, బొడ్డుకు కనీసం రెండంగుళాల దూరంలో, చర్మం కిందికి రెండు సూదులు. మొదటిసారి మాత్రం ఆ రోజు రెండు బిళ్లలు, మర్నాడు రెండు బిళ్లలు కూడా మింగాలి. మందు చర్మం కింద చిన్న గడ్డలా నిలిచి కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. ఆ గడ్డ పైకి పెద్దగా కనపడదు, తడిమితే తెలుస్తుంది. ట్రయల్‌లో చాలామందికి అలా గడ్డ తగిలింది, అయినా సూది పోటు బాధతో మానేసినవాళ్లు నలుగురే.

దీనికీ లోట్లు ఉన్నాయి. వేయించుకున్నాక వద్దనుకుంటే తీసేయడం కుదరదు. తర్వాతి డోసు మానేస్తే మందు నెలల తరబడి పలచగా ఒంట్లో మిగిలిపోతుంది. ఆ సమయంలో హెచ్‌ఐవీ సోకితే మందుకు లొంగని వైరస్ తయారయ్యే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద చిక్కు టీబీ. టీబీకి వాడే రిఫాంపిసిన్ వల్ల ఒంట్లో లెనకాపవిర్ మోతాదు పడిపోతుంది, అదనపు డోసులు ఇవ్వాలి. కాబోటెగ్రావిర్‌నైతే రిఫాంపిసిన్‌తో కలిపి వాడనే కూడదు. దక్షిణాఫ్రికాలో టీబీ ఎంత ఎక్కువో తెలిసినవాళ్లు దీన్ని చిన్న విషయంగా తీసుకోరు. టీబీ మందు వాడుతున్న అమ్మాయికి ఆ పాత మాత్రే ఇబ్బంది లేని దారి.

నేను ఆరు నెలలదాన్ని ముందు పెట్టడానికి ఇంకో కారణం గర్భనిరోధక ఇంజెక్షన్. మన ప్రభుత్వాసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షనే ఆఫ్రికాలో డెపో పేరుతో కోట్లమంది వాడుతున్నారు. దానివల్ల హెచ్‌ఐవీ ముప్పు పెరుగుతుందా అన్న భయం చాలాకాలం ఉండేది. ‘ఎకో’ అనే ట్రయల్‌లో దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాటినీల నుంచి 7,829 మందికి డెపో, కాపర్-టీ, చేతిలో పెట్టే ఇంప్లాంట్ ఇచ్చి పోల్చి చూశారు. మూడింటి మధ్య పెద్ద తేడా లేదని 2019లో తేలింది. భయం తీరింది, కానీ అదే ట్రయల్ ఇంకో చేదు నిజం చెప్పింది. కండోములూ సలహాలూ అన్నీ అందుతున్నా ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి హెచ్‌ఐవీ సోకింది. వాళ్లంతా కుటుంబ నియంత్రణ కోసం వచ్చిన మామూలు ఆడవాళ్లు. అలాంటప్పుడు హెచ్‌ఐవీ నివారణకు వేరే గుమ్మం, వేరే క్యూ ఎందుకు? రెండు డెపో తేదీలకోసారి లెనకాపవిర్ తేదీ సరిగ్గా కలుస్తుంది. అదే నర్సు, అదే గది, అదే బస్సు ఛార్జీ. రెండు నెలల ఇంజెక్షన్‌కు ఈ లెక్క కుదరదు. ఒకటి గుర్తుంచుకోవాలి: ఈ నాలుగూ గర్భాన్నీ ఆపవు, సిఫిలిస్, గనేరియా లాంటివాటినీ ఆపవు. కండోమ్ అవసరం పోలేదు.

చివరగా డబ్బు. 2025లో అమెరికాలో లెనకాపవిర్ ధర ఏడాదికి 28,218 డాలర్లుగా పెట్టారు. ఆ ధరే ఉంటే ఈ పోలికంతా దండగ. 2024 అక్టోబరులో ఈ మందు తయారుచేసే గిలియడ్ సంస్థ ఆరు కంపెనీలకు 120 దేశాల కోసం జెనరిక్ లైసెన్సులు ఇచ్చింది. అందులో రెండు మన హైదరాబాద్‌వి: డాక్టర్ రెడ్డీస్, హెటిరో. 2025 సెప్టెంబరులో ఆ రెండు కంపెనీలతోనే వేర్వేరుగా కుదిరిన ఒప్పందాల ప్రకారం 2027 నుంచి ఏడాది మందు సుమారు 40 డాలర్లకే అందాలి. అంటే మూడున్నర వేల రూపాయల చిల్లర, జెనరిక్ మాత్రకు అయ్యే ఖర్చూ అంతే.

ఈలోగా జరిగిన నష్టం చిన్నది కాదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా ఆపేసింది. తర్వాత కొంత సడలించినా, ఆ డబ్బుతో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తప్ప ఎవరికీ ప్రెప్ ఇవ్వకూడదన్నారు. దక్షిణాఫ్రికాలో ఒక కొత్త రింగు ట్రయల్ ఆగిపోయేనాటికి ఆడవాళ్ల ఒంట్లో రింగులు ఇంకా ఉన్నాయి. ఎక్కువ ముప్పున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి గర్భవతి కాదు కాబట్టి ఆమెకు మందు లేదనడం నాకు ఏ కోణంలోనూ సబబుగా తోచలేదు.

కాబట్టి నా వరస ఇది: మందు నిల్వ, నర్సు ఉన్న చోట ఆరు నెలల ఇంజెక్షన్ ముందు. టీబీ మందు వాడుతున్నా, ముప్పు కొన్నాళ్లే అనుకున్నా మాత్ర. సూది వద్దు, మాత్ర కుదరదు అన్న మనిషికి రింగు. రెండు నెలల ఇంజెక్షన్ ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆరు నెలలది అందేదాకా దాన్ని మానకూడదు. చవక ఇంజెక్షన్ ఎలాగూ వస్తోందని 2027 లోపు మాత్రలకూ రింగులకూ ఆర్డర్లు తగ్గించే దేశం ఏదైనా ఉంటే, ఆ మధ్యకాలంలో సోకే హెచ్‌ఐవీని ఏ ఇంజెక్షనూ వెనక్కి తీసుకోలేదు.