రోటవేటర్ షాఫ్టు మీది ప్లాస్టిక్ కవరు: కొన్నేళ్ల వాడకం తరువాత

ట్రాక్టర్ వెనుక తగిలించి, తిరిగే బ్లేడ్లతో నేలను కలియదున్నే రోటవేటర్ గురించి రాసేవారు ఎన్ని బ్లేడ్లు, ఎంత వెడల్పు, ఎకరానికి ఎంత డీజిల్ అన్న లెక్కలే ఎక్కువగా రాస్తారు. అవన్నీ షోరూమ్ కాగితంలోనే దొరుకుతాయి కనుక నేను వాటి జోలికి పోవడం లేదు. 2018లో కొన్న ఆరడుగుల రోటవేటర్‌ను ఖమ్మం జిల్లాలోని మా నల్లరేగడిలో పత్తి కట్టెను భూమిలో కలియదున్నడానికి ఏటా వాడుతున్నాను. ఇన్నేళ్లలో దానిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన భాగం, బిగించిన రోజునే మెకానిక్ "ఇది అడ్డమండీ, తీసేద్దామా?" అని అడిగినది: ట్రాక్టర్ పీటీఓ (ఇంజను బలాన్ని వెనుక పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ) నుంచి రోటవేటర్ గేర్‌బాక్సు దాకా వెళ్లే షాఫ్టు మీది ప్లాస్టిక్ కవరు.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు 9 చుట్లన్నమాట. షాఫ్టు చివరి జాయింటు అడ్డకొలత 10 సెంటీమీటర్లనుకున్నా, దానికి లుంగీ అంచో చీర కొంగో చిక్కితే ఒక్క సెకనులో రెండున్నర మీటర్లకు పైగా గుడ్డను చుట్టేసుకుంటుంది. సీట్లో ఉన్న మనిషి కేక విని వెనక్కి తిరిగేసరికే జరగాల్సింది జరిగిపోతుంది. కవరు ఉన్నప్పుడు షాఫ్టు దాని లోపల నైలాన్ రింగుల మీద తిరుగుతుంది, బయటి గొట్టాన్ని మాత్రం ఒక సన్నని గొలుసు ఫ్రేముకు పట్టి కదలకుండా ఉంచుతుంది. చూడడానికి ఏమంత గొప్పగా కనిపించని ఈ ఏర్పాటు ఎంత పని చేస్తుందో ఒక యూరియా సంచి వల్ల నాకు తెలిసింది.

ఆ ఏడాది పత్తి తీసేసిన చేలో మేము కుదుర్చుకున్న డ్రైవర్ దున్నుతున్నాడు, నేను గట్టు మీద ఉన్నాను. సీటు గట్టిగా ఉందని అతను మడిచి వేసుకున్న ఖాళీ యూరియా సంచి, మలుపు తిరిగేచోట అతను వెనక్కి చూడడానికి కాస్త లేవగానే గాలికి ఎగిరి నేరుగా షాఫ్టు నడుమ పడింది. షాఫ్టు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది. సంచి మాత్రం ఆగి ఉన్న గొట్టం మీద దండెం మీది బట్టలా వేలాడి, ట్రాక్టర్ కుదుపుకు మెల్లగా జారి కింద పడింది. తరువాతి క్షణంలోనే రోటవేటర్ దాన్ని లోపలికి లాక్కుంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, బ్లేడ్ల చుట్టూ తాడులా పేనుకుపోయిన ఆ సంచిని కొడవలితో కోసి తీయడానికి చాలాసేపే పట్టింది. కవరు లేని షాఫ్టు దాన్ని ఏం చేసి ఉండేదో ఆ బ్లేడ్లను చూస్తేనే అర్థమైంది. ఆ రోజు నుంచి నేను కనిపించిన ప్రతి రైతుకూ ఈ కవరు గురించి చెబుతూ వచ్చాను.

అయితే ఆ పొగడ్తను కొంత తగ్గించి చెప్పవలసిన అవసరం తరువాత వచ్చింది. ఎండకు ప్లాస్టిక్ రంగు వెలిసి పెళుసుబారి, ట్రాక్టర్ వైపు జాయింటును కప్పే గరాటు అంచు పగిలి ఊడిపోయింది. గొట్టం బాగానే ఉంది కదా అని డ్రైవరూ మెకానిక్కూ తేలిగ్గా తీసుకున్నారు. సీటు వెనుక నీళ్ల క్యానుకు కట్టిన నైలాన్ తాడు కొస సరిగ్గా ఆ పగిలిన చోటునే జాయింటుకు చిక్కింది. క్యాను సీటు వెనుక నుంచి ఊడి షాఫ్టు మీదికి వచ్చి పడి పగిలింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. గొట్టం ఎంత బాగున్నా, రెండు చివర్ల గరాటులు నిండుగా ఉంటేనే కవరు ఉన్నట్టు లెక్క.

మెకానిక్‌లు దీన్ని ఎందుకు తీసేయమంటారో కూడా ఇప్పుడు నాకు తెలుసు. జాయింటు క్రాసులకు (లోపలి శిలువ ఆకారపు ముక్కలకు) రోజూ గ్రీజు పెట్టాలి, గ్రీజు ఎక్కించే నిపిల్ మాత్రం గరాటు లోపల దాక్కుని ఉంటుంది. గరాటును వెనక్కి లాగి గ్రీజు గన్ను పట్టించడం ఒక్కరి చేతిలో అయ్యే పని కాదు. నైలాన్ రింగులకూ గ్రీజు కావాలి. అది ఆరిపోతే రింగు పట్టేసి కవరును కూడా తిప్పబోతుంది, అప్పుడు సన్న గొలుసు తెగుతుంది. దీన్ని తయారు చేసినవారు గరాటుకు ఒక చిన్న కిటికీ పెట్టి ఉంటే సగం ఊళ్లలో ఈ కవర్లు పాకల్లో పడి ఉండేవి కావని నా గట్టి అభిప్రాయం. కొత్త కవరు కోసం అడిగితే, మొత్తం షాఫ్టు అయితే ఉందిగానీ కవరు విడిగా రాదని దుకాణదారు చెప్పాడు. చివరికి మరో పట్టణం నుంచి తెప్పించుకున్నాను. నూర్పిడి యంత్రాల ప్రమాదాల కారణంగా 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది, కానీ చేలో తిరిగే షాఫ్టుకు కవరు ఉందో లేదో చూసే నాథుడు నాకైతే ఇప్పటిదాకా కనిపించలేదు.

మాది రాళ్లు లేని నేల, బండి మా పొలానికే వాడతాం, రాత్రికి షాఫ్టు పాకలోకి చేరుతుంది. కాబట్టి కొత్త కవరు ఇంకా చెక్కుచెదరలేదు. రోజంతా కిరాయికి తిప్పుతూ, డ్రైవర్లు మారుతూ, ఎండలోనే నిలబెట్టేవారికి ఇది ఇంతకాలం నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను. అలాంటివారు షాఫ్టు కొన్ననాడే అదనంగా ఒక కవరు, రెండు గొలుసులు బిల్లులో రాయించుకోవడం మంచిది.