పడిపోయిన రన్నర్‌ని వదిలేయాలా, లేపాలా, ఆపేయాలా: ఏది మేలు?

అమెరికాలో అక్టోబరు చివరికొచ్చేసరికి కాలేజీ క్రాస్ కంట్రీ (మైదానాలు, గుట్టల మీద పెట్టే దూరపు పరుగు) సీజన్ పాకాన పడుతుంది. కాన్ఫరెన్స్ మీట్లు (కాలేజీల కూటముల పోటీలు), రీజనల్స్, ఆపైన నేషనల్స్. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో పాత వీడియోనో కొత్త వీడియోనో ఒకటి తిరగడం మొదలవుతుంది. ఫినిష్ లైన్ కనిపిస్తూనే ఉంటుంది. ఒక అమ్మాయి కాళ్లు తేలిపోతూ వస్తుంది, పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. పక్కన అఫీషియల్స్ నిలబడి ఉంటారు, ఎవరూ చెయ్యి వేయరు. ఆ వీడియో పంపి "లేపితే వీళ్ల సొమ్మేం పోయింది అన్నా?" అని అడిగేవాళ్లు కొందరు. "మా అమ్మాయి కూడా కాలేజీ టీమ్‌లో ఉందండీ, ఇలా జరిగితే ఏం చేస్తారు?" అని అడిగే ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు కొందరు. అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నాను.

ఉన్న దారులు మూడు. ముట్టుకోకుండా వదిలేయడం, తోటి రన్నర్ ఆగి లేపడం, వైద్య సిబ్బంది వచ్చి రేసు ఆపించేయడం. నా ఓటు మూడోదానికి, కాకపోతే ఒక షరతు మీద. మిగతా రెండింటి పక్షానా న్యాయం లేకపోలేదు కాబట్టి ముందు అవి చూద్దాం.

వదిలేయడం

కఠినంగా కనిపిస్తుంది గానీ, దీని వెనకున్న ఆలోచన రన్నర్ మీద గౌరవమే. రూల్ ప్రకారం పాకినా, దొర్లినా, సొంతంగా గీత దాటితే పూర్తి చేసినట్టే. పక్కవాళ్లు చెయ్యి పట్టుకుంటే మాత్రం సాధారణంగా డిస్‌క్వాలిఫై. అందుకే అఫీషియల్స్ చేతులు కట్టుకుని నిలబడేది. జాలి లేక కాదు, ముట్టుకుంటే ఆ పిల్ల పడ్డ కష్టమంతా తుడిచిపెట్టుకుపోతుందని.

2015లో ఆస్టిన్ మారథాన్‌లో కెన్యా రన్నర్ హైవన్ ఎన్‌గెటిచ్ చివర్లో కుప్పకూలింది. వీల్‌చెయిర్ తెచ్చారు. ఎక్కితే రేసు పోతుంది. ఎక్కనంది, పాక్కుంటూనే వెళ్లి మూడో స్థానం దక్కించుకుంది. 2010లో కాలిఫోర్నియా హైస్కూల్ రాష్ట్ర పోటీల్లో ఒక అమ్మాయి గీతకి రెండు మూడు గజాల ముందు పడిపోయింది. వాళ్ల కోచ్‌కి ఏఎల్ఎస్ అనే, కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు, ఆయన కోసం గెలవాలని జట్టంతా పరుగెత్తుతోంది. అక్కడున్న అఫీషియల్ ఆమె పక్కన చేరి, తాను ముట్టుకుంటే రేసు పోతుందని, పాక్కుంటూ వెళ్లినా చెల్లుతుందని చెప్పాడు. ఆమె విని, అర్థం చేసుకుని, పాకి గీత దాటింది. ఆ ఏడు టైటిల్ ఆ జట్టుకే వచ్చింది. విని, అర్థం చేసుకుని అన్నాను చూశారా, కింద నేను చెప్పబోయేదంతా దాని మీదే నిలబడుతుంది.

క్రాస్ కంట్రీలో ఇంకో మెలిక ఉంది. మారథాన్‌లో పడిపోయినవాళ్లు తమ కోసం పాకుతారు. ఇక్కడ జట్టు కోసం పాకాలి. ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడి స్కోరు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఐదో అమ్మాయి 60వ స్థానంలో వస్తూ పడిపోయి బయటికెళ్లింది, ఆరో అమ్మాయి 110వ స్థానంలో వచ్చింది అనుకోండి. జట్టు నెత్తిన దాదాపు 50 పాయింట్ల బరువు. ఐదుగురు పూర్తి చేయకపోతే అసలు స్కోరే లేదు. కాబట్టి "ఆమె ఇష్టపడే పాకింది, మధ్యలో మనకెందుకు" అనే వాదన నాకు మింగుడుపడదు. నలుగురు స్నేహితురాళ్లు గీత అవతల నిలబడి అరుస్తుంటే పందొమ్మిదేళ్ల పిల్ల వద్దు అని ఎలా అంటుంది?

జపాన్‌లో ఎకిడెన్ అనే రోడ్డు రిలేల్లో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. 2018 అక్టోబరులో ఫుకువోకా ప్రాంతంలో జరిగిన మహిళల ఎకిడెన్‌లో 19 ఏళ్ల రన్నర్ తన వంతు చివర్లో పడిపోయి కాలి ఎముక విరిగింది. భుజాన ఉన్న పట్టీని తర్వాతి అమ్మాయికి అందించడానికి మోకాళ్లు రక్తాలోడుతూ వందల మీటర్లు పాకింది. టీవీలో లైవ్. ఇది పట్టుదలా, క్రూరత్వమా అని దేశం రెండుగా చీలింది. వాళ్ల జట్టు డైరెక్టర్, అంటే కోచ్, ఆపమని చెప్పినా ఆ మాట రోడ్డు మీదున్న అఫీషియల్‌కి చేరేసరికి ఆలస్యమైపోయింది.

తోటి రన్నర్ లేపడం

అందరికీ నచ్చేది ఇదే. 2017లో లూయివిల్‌లో జరిగిన ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) క్రాస్ కంట్రీ చాంపియన్‌షిప్‌లో బోస్టన్ కాలేజీ అమ్మాయి గీత దగ్గర కూలబడితే, క్లెమ్సన్ అమ్మాయి ఒక పక్క, లూయివిల్ అమ్మాయి ఇంకో పక్క పట్టుకుని నడిపించారు. ముగ్గురివీ మూడు ప్రత్యర్థి జట్లు. ఆ వీడియో చూసి కరగనివాళ్లు లేరు, నేనూ కరిగాను.

రూల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కో చోట ఒక్కో తీర్పు. 2012లో ఒహాయో రాష్ట్ర పోటీల్లో, 3200 మీటర్ల రేసులో, ఒక హైస్కూల్ అమ్మాయి పడిపోయిన ప్రత్యర్థి చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించి, తనకంటే ముందు ఆమెనే గీత దాటించింది. ఎవర్నీ డిస్‌క్వాలిఫై చేయలేదు. 2014లో నార్త్ డకోటాలో ఇంకో హైస్కూల్ అమ్మాయి అదే పని చేస్తే ఇద్దర్నీ చేశారు. 2019లో దోహా ప్రపంచ చాంపియన్‌షిప్స్ 5000 మీటర్ల హీట్‌లో గినీ-బిసావు రన్నర్ బ్రైమా సుంకార్ దాబో, అరూబాకి చెందిన జొనాథన్ బస్బీని మోసుకొచ్చినంత పని చేశాడు. సాయం అందుకున్న బస్బీ రేసు పోయింది, దాబోకి ఫెయిర్ ప్లే అవార్డు వచ్చింది.

2016లో మెక్సికోలోని కోజుమెల్‌లో, ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌లో అలిస్టర్ బ్రౌన్లీ తన తమ్ముడు జానీని ఈడ్చుకొచ్చి గీత అవతలికి తోశాడు. జానీకి రెండో స్థానం ఉంచారు, స్పెయిన్ వాళ్ల అప్పీలు కొట్టేశారు, తర్వాత రూలే మార్చి ఇలాంటి సాయాన్ని నిషేధించారు. అప్పుడు మనవాళ్లు చాలామంది తిట్టుకున్నారు. నాకు మాత్రం ఆ నిషేధం సబబే అనిపిస్తుంది. కారణం మెడల్ కాదు.

లేపేవాళ్లు ఎటు నడిపిస్తారో గమనించండి. మెడికల్ టెంట్ వైపు కాదు, గీత వైపు. బీపీ పడిపోయి కూలినవాళ్లని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. నిలబెట్టి నడిపిస్తే మెదడుకి రక్తం చేరడం ఇంకా కష్టమవుతుంది. ఒళ్లు కాలిపోతున్నవాళ్లయితే ప్రతి నిమిషమూ విలువైనదే. లేపిన అమ్మాయి మనసు బంగారం, సందేహం లేదు. కానీ ఆ నిమిషంలో పడిపోయిన పిల్లకి కావలసింది ఫినిష్ టైమ్ కాదు.

ఆపేయడం

నా దృష్టిలో అసలు విషయం ఇది. రూలు, జట్టు, స్ఫూర్తి అన్నీ దీని తర్వాతే. పడిపోయిన మనిషి బుర్ర పనిచేస్తోందా లేదా?

గీత దాటాక పడటానికీ, దాటక ముందు పడటానికీ తేడా ఉంది. దాటి ఆగగానే కూలబడేవాళ్లలో ఎక్కువమందికి ప్రమాదం ఉండదు. కాళ్లు ఆగడంతో రక్తం కిందే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది. అన్నిసార్లూ కాదనుకోండి. 2016 రియో మారథాన్‌లో మన ఓ.పి. జైషా 2:47:19కి గీత దాటి పడిపోయి, స్పృహ తప్పి, గ్లూకోజ్ ఎక్కించుకునేదాకా వెళ్లింది. కానీ ఇంకా పరుగెడుతూనే ముందే కూలిపోతున్నారంటే తీవ్రమైన కారణం ఉండే అవకాశం చాలా ఎక్కువ. గుండె కావచ్చు, రక్తంలో చక్కెరో సోడియమో పడిపోయి ఉండొచ్చు, వడదెబ్బ కావచ్చు.

వడదెబ్బ అనగానే మనకి మే నెల రోహిణి ఎండలు గుర్తొస్తాయి. పరుగులో వచ్చేదానికి ఎండే అక్కర్లేదు. గట్టిగా పరుగెత్తే కండరాలు పుట్టించే వేడి చాలు, చల్లటి రోజుల్లోనూ వస్తుంది. లోపలి ఉష్ణోగ్రత 40.5 డిగ్రీలు (ఫారన్‌హీట్‌లో 105) ఆ చుట్టుపక్కలకి చేరి, మనిషి తికమకగా మాట్లాడుతుంటే, తూలుతుంటే, కోపంగా ప్రవర్తిస్తుంటే అది ఎమర్జెన్సీ. మొదట దెబ్బతినేది మెదడు. అంటే "నేను పూర్తి చేస్తాను, వదలండి" అని చెప్పే భాగమే పాడవుతోంది. అలాంటి మనిషి మాటని ఇష్టం అనుకుని గౌరవించడంలో అర్థం లేదు.

1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళల మారథాన్ పెట్టినప్పుడు స్విట్జర్లాండ్ రన్నర్ గాబ్రియెలా ఆండర్సన్-షీస్ స్టేడియంలోకి ఒక పక్కకి వంకర తిరిగిపోయి వచ్చింది. చివరి ల్యాప్‌కి 5 నిమిషాల 44 సెకన్లు పట్టింది. 37వ స్థానం. డాక్టర్లు వెంటే నడిచారు గానీ ఆపలేదు. చెమట పడుతోంది కాబట్టి పరవాలేదనుకున్నారు. ఆమె ఒకట్రెండు గంటల్లో కోలుకుంది కూడా. "చూశారా, వదిలేస్తే ఏమైంది?" అనేవాళ్లు ఈ కథే చెబుతారు. నేను దీన్నే తిరగేసి చెబుతాను. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమటలు పడుతూనే ఉంటాయి, ఒళ్లు పొడిబారాలని లేదు. చెమట చూసి, చెయ్యి వేసి చూసి తేల్చలేం. నోట్లోనో చంకలోనో పెట్టే థర్మామీటర్ కూడా పనికిరాదు. మలద్వారం నుంచి చూసే ఉష్ణోగ్రతే లెక్క. అంటే ఆ రోజు వాళ్ల ఆధారం బలహీనం, ఫలితం బాగుంది. ఆమె ఉదంతం తర్వాతే, వైద్యులు పరీక్ష చేసినంత మాత్రాన రన్నర్‌ని అనర్హుల్ని చేయకూడదని రూల్ వచ్చింది. ఇప్పుడు వరల్డ్ అథ్లెటిక్స్ రూల్ కూడా అంతే: నియమిత వైద్య సిబ్బంది పరీక్ష చేయడం సాయం కిందికి రాదు.

ఆపనివాళ్ల కథలన్నీ ఇంత బాగా ముగియలేదు. 1954 వాంకూవర్ ఎంపైర్ గేమ్స్ (ఇప్పటి కామన్వెల్త్ గేమ్స్) మారథాన్‌లో ఇంగ్లండ్ రన్నర్ జిమ్ పీటర్స్ 17 నిమిషాల ఆధిక్యంతో స్టేడియంలోకి వచ్చి, 11 నిమిషాలు పడుతూ లేస్తూ గడిపి, గీత చేరనేలేదు. మళ్లీ ఎప్పుడూ మారథాన్ పరుగెత్తలేదు. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్ మారథాన్‌లో స్కాట్లండ్ రన్నర్ కాలమ్ హాకిన్స్ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా లీడ్‌లో ఉండి పడిపోతే, వైద్యులు రావడానికి నిమిషాలు పట్టింది. చుట్టూ జనం ఫోన్లలో తీసుకుంటూ నిలబడ్డారు.

కాలేజీల సంగతికొస్తే, అదే 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జోర్డన్ మెక్‌నేర్ స్ప్రింట్లు చేస్తూ వడదెబ్బ తగిలి, రెండు వారాల తర్వాత చనిపోయాడు. వయసు 19. మంచునీటి తొట్టిలో ముంచలేదు. బాధ్యత తమదేనని యూనివర్సిటీ ఒప్పుకుంది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మసాచుసెట్స్‌లోని ఫాల్‌మత్ రోడ్ రేస్. ఆగస్టు ఉక్కలో పెట్టే రేసు, కేసులు ఎక్కువే. గీత దగ్గరే మంచునీటి తొట్లు పెట్టుకుంటారు. 18 ఏళ్లలో వడదెబ్బ తగిలిన 274 మందిని అలా ముంచితే, 274 మందీ బతికారు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే అంబులెన్స్. మనవైపు తడిగుడ్డ వేసి, ఓఆర్ఎస్ తాగించి ఆటో ఎక్కించడం అలవాటు. తికమకగా ఉన్నవాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, పొరబోతుంది.

ఇక నేను పెట్టిన షరతు. పడిన ప్రతివాళ్లనీ లాగేయమని కాదు. గీత ముందు ఎవరైనా రెండోసారి పడితే ట్రైనర్ (ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసే వైద్య సిబ్బంది మనిషి) వెళ్లి పక్కన కూర్చుని మూడు ముక్కలు అడగాలి: పేరేంటి, ఇది ఏ మీట్, ఎన్ని కిలోమీటర్ల రేసు. సూటిగా జవాబిస్తే, కాళ్లే పోయాయి గానీ బుర్ర ఉంది, పాకనివ్వండి. ఎముక విరిగినట్టుంటే మాత్రం వద్దు. తడబడితే, చూపు ఎటో ఉంటే, కొట్టబోతే, అక్కడితో రేసు అయిపోయింది. కోచ్ అడ్డం రాకూడదు, తల్లిదండ్రులూ రాకూడదు. దీనివల్ల ఒక్కోసారి ఆపక్కర్లేని పిల్లని ఆపేస్తారు, ఒక జట్టు సీజన్ పోతుంది. నిజమే. షీస్‌ని కూడా ఆపేసేవాళ్లమే. ఆ నష్టానికి నేను సిద్ధమే.

మిగతా ప్రతిపాదనలు

పడిన చోటు నుంచే స్థానం లెక్కేసి ఇచ్చేయాలని కొందరంటారు. వెనకనుంచి వస్తున్నవాళ్లకి అన్యాయం, పైగా ఇక అందరూ గీత ముందే పడతారు. నిర్ణయం కోచ్‌కి వదిలేయాలన్నది ఇంకోటి. ఎకిడెన్‌లో కోచ్ ఆపమన్న మాట చేరేసరికే ఆలస్యమైందని చూశాం, పైగా టైటిల్ కావలసింది కోచ్‌కే. అఫీషియల్సే లేపడమంటారా, 1908 లండన్ ఒలింపిక్స్‌లో అదే జరిగింది. మారథాన్‌లో ముందున్న ఇటలీ రన్నర్ డొరాండో పియెట్రిని ఐదుసార్లు లేపి గీత దాటించారు, అమెరికా వాళ్లు ఫిర్యాదు చేస్తే బంగారు పతకం పోయింది. మర్నాడు రాణి అలెగ్జాండ్రా జాలిపడి వెండి కప్పు ఇచ్చింది.

పిల్లలు టీమ్‌లో ఉన్న తల్లిదండ్రులు సీజన్ మొదట్లో జరిగే పేరెంట్ మీటింగ్‌లో బస్సులు, స్నాక్స్ గురించి అడిగాక, ఇవి కూడా అడగండి. గీత దగ్గర మంచునీటి తొట్టి పెడతారా? మలద్వారం థర్మామీటర్ ఉందా, అది వాడటం వచ్చినవాళ్లు ఆ రోజు అక్కడుంటారా? రన్నర్‌ని ఆపే అధికారం ఎవరిది, కోచ్‌దా, ట్రైనర్‌దా? మొదటి రెండింటికీ ఉంది అని, మూడోదానికి ట్రైనర్ అని జవాబు వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. "మా దగ్గర ఎప్పుడూ అలా జరగలేదండీ" అని నవ్వేస్తే, అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఈమెయిల్ పెట్టి ఇవే మూడు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు ఇమ్మనండి.