పాత ఫ్యాక్టరీ స్థలానికి మట్టి పరీక్ష: చెన్నై ల్యాబుల ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది

అంబత్తూరులోనో గుమ్మిడిపూండిలోనో మూతబడిన ఫ్యాక్టరీ స్థలం బేరానికి వస్తుంది. లాయరో బ్యాంకువాళ్లో మట్టి పరీక్ష రిపోర్టు అడుగుతారు. అప్పుడు చెన్నైలోని ప్రైవేటు ల్యాబులు ఇచ్చే ప్యాకేజీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒక మనిషి వచ్చి మట్టి తీసుకెళ్తాడు, పీహెచ్‌తో పాటు కొన్ని లోహాలు చూస్తారు, రెండు వారాల్లో సీలు వేసిన రిపోర్టు వస్తుంది. ఈ సేవ మీద మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ల్యాబు లోపల జరిగే విశ్లేషణకు పెట్టిన డబ్బు దండగ కాదు. స్థలంలో మట్టి తీసే పని మాత్రం చాలాసార్లు ఆ విశ్లేషణకు తగినట్టు ఉండదు. నమూనా సరిగ్గా తీయకపోతే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా వచ్చే అంకె ఆ స్థలం గురించి ఏమీ చెప్పదు.

ముందు ప్యాకేజీలో ఏముందో చూద్దాం. నత్రజని, భాస్వరం, పొటాష్, ఆర్గానిక్ కార్బన్ కనిపిస్తే అది వ్యవసాయానికి తయారుచేసిన జాబితా. ఫ్యాక్టరీ స్థలానికి వాటితో పని లేదు, కొట్టేయమనండి. ఏం చూడాలన్నది ఆ స్థలంలో ఇంతకుముందు ఏం నడిచిందో దాన్నిబట్టి ఉంటుంది. ఎలక్ట్రోప్లేటింగ్ నడిస్తే హెక్సావలెంట్ క్రోమియం, నికెల్, జింక్, సైనైడ్. బ్యాటరీల పని అయితే సీసం, పీహెచ్. పెట్రోలు బంకు, డీజిల్ ట్యాంకు ఉంటే బెంజీన్, టోలిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న మూల అయితే పీసీబీలు (వాటి నూనెలో వాడిన పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ విష రసాయనాలు). ఈ చరిత్ర అడగకుండానే కొటేషన్ పంపే ల్యాబును మేము సిఫారసు చేయం.

ఇక మట్టి తీసే పద్ధతి. పది చోట్ల తలా గుప్పెడు తీసి, కలిపి, ఒకే నమూనాగా పంపడం ప్యాకేజీల్లో మామూలు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. లెక్క వేసి చూడండి: తొమ్మిది చోట్ల సీసం కిలోకు 30 మిల్లీగ్రాములు, ఒక చోట 1500 ఉంటే, కలిపిన నమూనాలో కనిపించేది 177. కెనడా మార్గదర్శకాల్లో సీసానికి నివాస స్థలాల్లో 140, వాణిజ్య స్థలాల్లో 260, పారిశ్రామిక స్థలాల్లో 600 హద్దులు. 177 అంకె చూసి గోదాముకు ఢోకా లేదనుకుంటారు. ఆ పారిశ్రామిక హద్దుకు రెండింతలు దాటిన ముద్ద అక్కడే ఉంటుంది. అనుమానం ఉన్న స్థలంలో ప్రతి గుంత నమూనా విడిగానే వెళ్లాలి.

ఎన్ని గుంతలు తవ్వాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. చదరపు గళ్లలో నమూనాలు తీస్తే, గడి పొడవుకు 1.18 రెట్లు వ్యాసం ఉన్న గుండ్రటి కలుషిత ప్రాంతం 95 శాతం నమ్మకంతో దొరుకుతుంది. ఎకరం స్థలంలో 20 మీటర్ల గడి వేస్తే సుమారు పది గుంతలు పడతాయి, అవి దాదాపు 24 మీటర్ల వెడల్పున్న మచ్చను పట్టుకుంటాయి. ప్లేటింగ్ తొట్టి కింద కారిన మచ్చ నాలుగు మీటర్లే ఉండొచ్చు. అందుకే గళ్లతో పాటు తొట్లు, డ్రెయిన్లు, డ్రమ్ములు పెట్టిన షెడ్డు, లోడింగ్ జరిగిన చోటు గుర్తుపట్టి అక్కడ విడిగా గుంతలు వేయాలి. పాత ఫ్యాక్టరీ ప్లాన్ దొరికితే సగం పని అయినట్టే. అది ల్యాబుకు ఇవ్వడం మన బాధ్యత, దాన్ని అడిగి తీసుకోవడం వాళ్ల బాధ్యత.

లోతు సంగతి ఇంకా అధ్వానంగా ఉంటుంది. పై 15 సెంటీమీటర్లు గీకి తీసుకెళ్తారు. చెన్నై చుట్టుపక్కల చాలా స్థలాలు బయటి మట్టి పోసి ఎత్తు పెంచినవే. పైన ఉన్నది నిన్న మొన్న పోసిన గ్రావెల్, అసలు నేల మీటరో మీటరున్నరో కింద ఉంటుంది. కనీసం మూడు లోతుల నమూనాలు కావాలి: పైపొర, పోసిన మట్టి అసలు నేలను కలిసే చోటు, నీటిమట్టానికి కాస్త పైన. పెట్రోలు, డీజిల్ నీటికంటే తేలిక కాబట్టి భూగర్భ జలం మీద తేలుతూ ఉంటాయి. ఈశాన్య రుతుపవనాలకు మట్టం పైకి లేచి, ఎండాకాలానికి దిగినప్పుడు ఆ మధ్య పొర అంతా పూతలా అంటుకుంటుంది. ఎక్కువ అంకె వచ్చేది అక్కడే. పైపైన చూసిన రిపోర్టు దాన్ని దాటిపోతుంది. 2013లో తొండియార్‌పేట బోర్లలో పెట్రోలియం వాసన బయటపడినప్పుడు కూడా సమస్య నేల మీద కాదు, కింద ఉంది.

బెంజీన్ లాంటి ఆవిరయ్యే పదార్థాలకు ప్లాస్టిక్ సంచి అసలు పనికిరాదు. మే నెల ఎండలో కారు డిక్కీలో మధ్యాహ్నమంతా తిరిగిన సంచిలో మిగిలేది మట్టే. గాలి చొరబడని కోర్ గొట్టంలోనో, ముందే తూచిన మిథనాల్ ఉన్న సీసాలోనో వెంటనే వేయాలి. మంచు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి, కోర్ గొట్టం అయితే 48 గంటల్లోపు ల్యాబులో భద్రపరచాలి, పరీక్ష 14 రోజుల్లో ముగియాలి. ఈ నమూనాలను కలపకూడదు, జల్లించకూడదు, ఆరబెట్టకూడదు. రిపోర్టులో బెంజీన్ "గుర్తించబడలేదు" అని ఉంటే, నమూనా ఏ పాత్రలో వెళ్లిందో అడగకుండా సంతోషించవద్దు. లోహాలకు ఇంత తొందర లేదు. వాటిలో చాలావాటికి ఆరు నెలల గడువు ఉంటుంది, పాదరసానికి 28 రోజులు, హెక్సావలెంట్ క్రోమియానికి 30 రోజులు.

క్రోమియం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే తమిళనాడుకు ఆ బాధ బాగా తెలుసు. రాణిపేటలో మూతబడిన క్రోమేట్ కర్మాగారం దగ్గర లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం దశాబ్దాలుగా పడి ఉంది. ప్యాకేజీలో ఉండేది "మొత్తం క్రోమియం". తోళ్ల శుద్ధిలో వాడే త్రివాలెంట్ క్రోమియం నేలలో పెద్దగా కదలదు. హెక్సావలెంట్ రూపం నీటిలో కరిగి బోరుదాకా వెళ్తుంది, క్యాన్సర్ కారకం కూడా. మొత్తం క్రోమియం అంకె ఈ రెంటినీ విడదీయదు. హెక్సావలెంట్ కావాలంటే మట్టిని క్షార ద్రావణంలో వేడిచేసి తీసే పద్ధతి విడిగా అడగాలి. ఆమ్లంతో తీస్తే, మట్టిలోని ఇనుము, సేంద్రియ పదార్థం దాన్ని అక్కడికక్కడే త్రివాలెంట్‌గా మార్చేసి తక్కువ అంకె చూపిస్తాయి. శుద్ధి చేసే కంపెనీలు ఫెర్రస్ సల్ఫేట్ కలుపుతామంటాయి. లెక్క ప్రకారం ఒక కిలో హెక్సావలెంట్ క్రోమియానికి స్ఫటిక రూపంలోని ఫెర్రస్ సల్ఫేట్ 16 కిలోలు కావాలి. గాలికి కొంత వృథా అవుతుంది కాబట్టి అసలు పనిలో అంతకు రెండు మూడింతలు పడుతుంది. కొటేషన్‌లో మోతాదు లేకుండా "రసాయన శుద్ధి" అని మాత్రమే రాసి ఉంటే వెనక్కి పంపండి. క్షారగుణం ఎక్కువున్న వ్యర్థంలో ఒక్కసారి కలిపి వదిలేస్తే, గడ్డల లోపలి క్రోమియం నెలల తర్వాత మళ్లీ బయటికొస్తుంది.

ల్యాబుకు ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందని బోర్డు మీద ఉంటుంది. అది చాలదు. గుర్తింపు ఒక్కో పదార్థానికి, ఒక్కో పరీక్షకు, ఒక్కో పద్ధతికి విడివిడిగా ఉంటుంది. తాగునీటిలో సీసానికి ఉన్న గుర్తింపు మట్టిలో సీసానికి వర్తించదు. ఎన్.ఏ.బి.ఎల్. వెబ్‌సైట్‌లో ఆ ల్యాబు పరిధి జాబితా తెరిచి, మట్టి కింద మీకు కావలసిన పరీక్ష ఉందో లేదో చూసుకోండి. ఐదు నిమిషాల పని. రిపోర్టుతో పాటు ప్రతి పది నమూనాలకు ఒక జంట నమూనా, ఆవిరయ్యే పదార్థాలకు ప్రయాణ బ్లాంకు (దారిలో కాలుష్యం సోకలేదని చూసేందుకు నమూనాలతో పాటు తిప్పే శుభ్రమైన సీసా), ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసిన కాగితం అడగండి. మంచి ల్యాబులు అడగ్గానే ఇస్తాయి, ఈ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

రిపోర్టు చివర "పరిమితులలో ఉంది" అని రాస్తారు. ఏ పరిమితులు? ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 లోని రెండవ షెడ్యూలు ఒక పదార్థం ప్రమాదకర వ్యర్థమా కాదా అని తేలుస్తుంది. ఆ నేల మీద ఇల్లు కట్టుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేసిన రిపోర్టులు తప్పుదారి పట్టిస్తాయి. మట్టిలోంచి ఎంత కరిగి బయటికొస్తుందో నానబెట్టి చూసే టి.సి.ఎల్.పి. పరీక్షలో మట్టి బరువుకు 20 రెట్లు ద్రావణం పోసి 18 గంటలు తిప్పుతారు. సీసానికి ఆ షెడ్యూలులో హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. మట్టిలో మొత్తం సీసం కిలోకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే అంతా కరిగినా ఆ హద్దు దాటదు, ఆ పరీక్షకు డబ్బు పెట్టనక్కరలేదు. అలాగే 600 ఉన్న మట్టి టి.సి.ఎల్.పి. పరీక్షలో నెగ్గగలదు, అంతమాత్రాన అది పిల్లలు ఆడుకునే నేల అయిపోదు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆపై మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి. కలుషితమని తేలితే ఆ సంగతి బహిరంగంగా ప్రకటించి, రాకపోకలు నియంత్రిస్తారు. శుద్ధి ప్రణాళికను నిపుణ సంస్థ తయారుచేస్తుంది, ఖర్చు కలుషితం చేసినవారిది. రేడియోధార్మిక వ్యర్థం, గనుల తవ్వకం, సముద్రంలో చమురు కాలుష్యం వేరే చట్టాల కిందికి వస్తాయి. ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఈ ప్రక్రియకు బదులు కాదు. కానీ కొనకముందు నేల ఎలా ఉందో చూపే తేదీ ఉన్న సాక్ష్యం అదే. ప్రతి గుంతకు జీపీఎస్ స్థానం, లోతు, ఫోటో లేకపోతే ఆ విలువ కూడా ఉండదు.

మట్టి తవ్వి తరలించే సేవలో గొడవ కొలత దగ్గర వస్తుంది. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, ఒక మీటరు లోతు అంటే నేలలో 100 ఘనపు మీటర్లు, బరువు దాదాపు 170 టన్నులు. తవ్వాక వదులై 125 ఘనపు మీటర్ల దాకా అవుతుంది. ధర టన్నుకా, తవ్వకముందు ఘనపు మీటరుకా, లారీలో ఘనపు మీటరుకా అన్నది ముందే రాయించుకోండి. వాన పడ్డాక తూచితే నీళ్లకు కూడా డబ్బు కడతాం, కాబట్టి కుప్ప కింద హెచ్‌డీపీఈ (మందపాటి ప్లాస్టిక్) షీటు, పైన టార్పాలిన్ తప్పవు. ప్రమాదకర వ్యర్థమని తేలిన మట్టి వెంట ఫారం 10 మానిఫెస్ట్ (రవాణా పత్రం) వెళ్లాలి, ఏడు రంగుల ప్రతులు. అందులో నీలం ప్రతి, వ్యర్థం అందుకున్న కేంద్రం నుంచి పంపినవారికి తిరిగి రావాలి. అది చేతికి రాకుండా చివరి వాయిదా చెల్లించకండి. గుంత అడుగు నుంచీ నాలుగు గోడల నుంచీ నమూనాలు తీసి, ఫలితం వచ్చాకే పూడ్చాలి. చాలా కొటేషన్లలో ఈ చివరి నమూనాల ఊసే ఉండదు.

ఎన్నూరు వాగు, బకింగ్‌హాం కాలువ పూడికకు ఈ ప్యాకేజీ అసలు సరిపోదు. నీటి అడుగున గాలి తగలని నల్ల బురదలో లోహాలు సల్ఫైడ్‌లతో బిగిసి ఉంటాయి. తీసి ఎండబెడితే సల్ఫైడ్ గాలితో కలిసి ఆమ్లం పుట్టి, అవే లోహాలు కారడం మొదలవుతాయి. తడిగా ఉన్నప్పుడు బాగున్న పూడిక, పల్లపు స్థలం మెరకకు పోశాక చెడుతుంది. అందుకే ఎండకముందు ఒకసారి, ఎండాక ఒకసారి నానబెట్టే పరీక్ష, పీహెచ్ రెండూ చేయించాలి. మట్టి ప్యాకేజీనే పూడికకు కూడా అమ్ముతున్న ల్యాబులకు ఇక్కడ మేము మంచి మార్కులు వేయలేం.

పని మొదలుపెట్టాలంటే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య గుంతలు వేయించండి. అక్టోబరు వానలు మొదలైతే గుంతల్లో నీళ్లు నిలిచి లోతు నమూనాలు చెడిపోతాయి. భూగర్భ జలాన్ని మాత్రం జనవరిలో, మట్టం పైకి వచ్చాక, ఇంకోసారి చూడాలి. నమూనా తీసే మనిషిని ల్యాబు నుంచి కాకుండా విడిగా ఒక పర్యావరణ ఇంజినీరు చేత పెట్టించి, ల్యాబుకు విశ్లేషణ మాత్రమే అప్పజెప్పండి. ఎకరం స్థలానికి ఈ విడి ఖర్చు ఒక్క లారీ మట్టి అనవసరంగా తరలించే ఖర్చుతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోండి.