డిస్‌ప్లే రాదని అమ్మేసిన కార్డు, తీరా చూస్తే వూడూ2

ఆన్‌లైన్‌లో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర ఈ కార్డుని 1,800 రూపాయలకి కొన్నాను. ఆయన పెట్టిన వివరం ఇంతే: ‘రెండు మానిటర్ల వీజీఏ కార్డు, డిస్‌ప్లే రావట్లేదు’. ఫోటో మసకగా ఉంది కానీ బోర్డు మీద మూడు పెద్ద చిప్‌లు కనబడేసరికి, త్రీడీ ఆటల కోసం వచ్చిన పాత వూడూ2 కార్డేమోనని ఇక ఆగలేకపోయాను.

ప్యాకింగ్ మాత్రం ఘోరం. న్యూస్‌పేపర్లో చుట్టి పల్చటి అట్టపెట్టెలో పడేశారు, స్టాటిక్ కరెంటు తగలకుండా కాపాడే యాంటీస్టాటిక్ కవరు లేదు, అమలాపురం చేరేసరికి వెనక రేకు వంగిపోయింది. పాతికేళ్లు దాటిన కార్డుని ఇలాగా పంపేది?

భూతద్దం పెట్టి చూస్తే చిప్‌ల మీద వూడూ చిప్‌ల కంపెనీ త్రీడీఎఫ్ఎక్స్ పేరు, కింద 9815 అని ఉన్నాయి. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం, అంటే 1998లో 15వ వారం తయారీ. మెమరీ చిప్‌లు లెక్కపెడితే 24, ఒక్కోటి అర ఎంబీ, మొత్తం 12 ఎంబీ. 8 ఎంబీ రకానికైతే 16 ఉంటాయి. మొదటి వూడూకి పెద్ద చిప్‌లు రెండే కాబట్టి ఇది వూడూ2నే.

డిస్‌ప్లే రాకపోవడానికి కారణం కూడా అదే. ఇది త్రీడీ ఒక్కటే చేస్తుంది. మామూలు తెర కోసం పక్కన ఇంకో వీజీఏ కార్డు ఉండాలి, దాని నుంచి చిన్న కేబుల్ దీని ఒక పోర్టులోకి వస్తుంది, రెండో పోర్టు నుంచి మానిటర్‌కి వెళ్తుంది. ఒక్కదాన్నే పెట్టి చూస్తే తెర నల్లగానే ఉంటుంది, పాపం ఆయన పాడైపోయిందనుకున్నారు.

మా కోనసీమ చెమ్మకి ఇలాంటివి తొందరగా నల్లబడతాయని ముందే స్లాట్‌లో దిగే బంగారు పూత గీతల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, బాబాయి పాత నెట్ సెంటర్లో మిగిలిన పెంటియం మిషన్‌లో పెట్టాను. బూట్ అయ్యేటప్పుడు లోపలి కార్డుల కోడ్‌లు చూపించే పీసీఐ జాబితాలో 121ఏ, 0002 కనబడ్డాయి. 121ఏ అంటే త్రీడీఎఫ్ఎక్స్, 0002 అంటే వూడూ2. డ్రైవర్ వేశాక 800x600 రిజల్యూషన్‌లో త్రీడీ బొమ్మ ఎక్కడా చెదరకుండా తిరుగుతుంటే మా బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

కార్డుకి అయిదుకి అయిదు, ప్యాకింగ్‌కి ఒకటి. అమ్మినాయనకి ఫోన్ చేసి అది ఏ కార్డో, ఎలా పరీక్షించాలో దాచకుండా చెప్పాను. ‘ఏవండీ, అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంది, దానికీ బొమ్మ రాలేదు’ అన్నారు. రెండు వూడూ2లు కలిపితే 1024x768 వస్తుంది. అది కూడా ఉంచమన్నాను, ఈసారి బబుల్ కవరు డబ్బులు నేనే ఇస్తానని చెప్పాను.