రాయగడ కోర్టా, ఢిల్లీలో పాలసీ ఉద్యోగమా: లా చదివిన మన పిల్లలకి ఏది మేలు?

ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు లా పూర్తిచేసిన కుర్రాళ్ళు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, అన్నా ఇక్కడే బార్‌లో ప్లీడరుగా ఉండిపోవాలా, లేక ఢిల్లీ వెళ్ళి పాలసీ రీసెర్చ్‌లో, అంటే చట్టాలు, సర్కారు విధానాలు పరిశీలించే పనిలో చేరాలా అని. ఇందులో కొందరికి ఆస్తి హక్కు, స్వేచ్ఛా వ్యాపారం, పర్మిట్లు తగ్గాలి లాంటి పాతకాలం ఉదారవాద ఆలోచనలంటే మహా ఇష్టం. (ఆ ఆలోచనలతోనే రాజాజీ, ఎన్జీ రంగా గార్లు 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీ గురించి విన్నారు గానీ, 1967లో ఒడిశాకి ఆ పార్టీ మనిషే సీఎం అయ్యారంటే నోరెళ్ళబెడతారు.) వాళ్ళ కోసమే ఇది.

డబ్బు విషయంలో ఢిల్లీయే నయం, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, సగం అద్దెకి పోయినా సరే. ఇక్కడ జూనియర్‌కి సీనియర్ గారిచ్చేది పెట్రోలుకి సరిపోతే గొప్ప.

పని సంగతికొస్తే లెక్క మారిపోద్ది. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి రాజ్యాంగం ఆర్టికల్ 300ఏలో పెట్టారని ఢిల్లీలో కూర్చుని మంచి పేపరే రాయొచ్చు. కానీ ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసు వరండాలో నిలబడితే వేరే కథ, ఖతియాన్, అంటే భూమి హక్కు రికార్డు, ఇంకా తాత పేరు మీదే ఉంటది, నలుగురు కొడుకుల్లో ఒక్కడూ మ్యుటేషన్ (పేరు మార్పు) పెట్టలేదు, కాగితమంతా ఒడియాలో, వచ్చిన తెలుగాయనకి అది చదవడం రాదు, కాగితాలు రాసే మొహరీరు గుమస్తా ఎంతంటే అంత ఇవ్వాల్సిందే.

ఇంకోటి, షెడ్యూల్డ్ ఏరియాలో ఆదివాసీ భూమి వేరేవాళ్ళు కొనకుండా 1956 రెగ్యులేషన్ ఉంది, 2002 సవరణతో ఇంకా బిగించారు. పుస్తకాలు చదివినోడు యజమాని ఇష్టం, అమ్ముకోనివ్వండి అంటాడు. అప్పు కింద భూమి రాయించుకునే షావుకార్లు మనలోనూ ఉన్నారని ఊళ్ళో ఉన్నోడికి తెలుసు, వాడు అంత తేలిగ్గా అనలేడు. ఆదివాసీలుండే నియమగిరి కొండల్లో 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి కదా, కొందరు అభివృద్ధికి అడ్డన్నారు, నన్నడిగితే అంతకన్నా లిబరల్ పని ఇంకోటి లేదు, సొంతదారు కాదన్నాడు, అయిపోయింది.

అలాగని కోర్టుతో అన్నీ తెగవు. కెందు ఆకు, అదే మన తునికాకు, ఒడిశాలో 1973 నుంచి ఆ వ్యాపారం సర్కారు చేతిలోకి పోయింది. 2006 అటవీ హక్కుల చట్టమేమో ఆ ఆకు అమ్ముకునే హక్కు అడవిలో ఉండేవాళ్ళదే అంటది. అటు మహారాష్ట్ర గడ్చిరోలిలో గ్రామసభలే వేలం వేసుకుంటున్నాయి. ఇలాంటివి మారాలంటే బిల్లు రాసేవాడు, ఎమ్మెల్యేకి అర్థమయ్యేలా నోట్ తయారుచేసేవాడు కావాలి, అక్కడ పాలసీ లాయర్ ఒక్కడు పదిమంది ప్లీడర్ల పెట్టు.

రెండూ ఒకేసారి చేద్దామంటే కుదరదు, ఫుల్‌టైమ్ జీతానికి చేరితే బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీస్ ఆపేయాలి.

నా ఓటు ముందు ఇక్కడ మూడు నాలుగేళ్ళు, తర్వాత ఢిల్లీ. ఒక్క చిక్కేంటంటే ఎంపీల దగ్గర పనిచేసే లాంప్ ఫెలోషిప్‌కి 25 ఏళ్ళ వయసు పరిమితి ఉంది, అదే కావాలనుకుంటే ముందు అటు వెళ్ళి రండి, సుమారు ఏడాదే కదా. ఇక్కడుండేవాళ్ళు మాత్రం క్రిమినల్ సైడు పేరున్న సీనియర్ వెంట పడకుండా, రెవెన్యూ కేసులు ఎక్కువ చూసే వాళ్ళని పట్టుకోండి, వాళ్ళ దగ్గర ఎలాగూ పెద్ద రద్దీ ఉండదు.